చైనా కషాయమూ, ఫ్లూ జ్వరమూ, సాక్ష్యమూ

మా కళాశాలలో విద్యార్థులు తమంతట తాము నడుపుకునే చిన్న పఠన మండలి ఒకటి ఉన్నది. నెలకొక సాయంకాలం కూడి ఏదో ఒక కథో వ్యాసమో చదివి చర్చించుకుంటారు. ఒకనాడు లూషున్ వంతు వచ్చింది. 1919లో ఆయన రాసిన “మందు” అనే కథ చదివారు. టీ అంగడి నడుపుకునే ముసలివాడొకడు, క్షయతో కృశించిపోతున్న కొడుకును బ్రతికించుకోవాలని, శిరచ్ఛేదానికి గురైన ఒక విప్లవకారుడి నెత్తుటిలో ముంచిన రొట్టెను డబ్బుపోసి కొనితెస్తాడు. కొడుకు బ్రతకడు.

కథ ముగియగానే ఒక విద్యార్థి లేచి, లూషున్ తన దేశపు ప్రజావైద్యానికి అన్యాయం చేశాడన్నాడు. “ఫ్లూ జ్వరానికి చైనా మూలికలు కంపెనీ మాత్రతో సమానంగా పనిచేశాయని అమెరికా వైద్య పత్రికే అచ్చువేసింది గదా మాస్టారూ! పెట్టుబడిదారీ కంపెనీలు ఆ సంగతి తొక్కిపట్టాయి గాని” అన్నాడు. భౌతికశాస్త్రం చదివే అమ్మాయి ఒకతె వెంటనే అడ్డుతగిలి, ఆకులూ వేళ్ళూ మరిగించి వైరస్‌ను చంపుతామనటం మూఢవిశ్వాసం కాక మరేమిటని నిలదీసింది. ఇద్దరూ అభ్యుదయవాదులే. ఇద్దరూ నావైపు చూశారు. నేను తెలుగు సాహిత్యం చెప్పుకునేవాణ్ణి, వైద్యం నాకేమి తెలుసు? ఆనాడు ఏమీ చెప్పలేకపోయాను. తరువాత కొన్నాళ్ళు దొరికినంతవరకు చదివాను. చదివినకొద్దీ ఇది వైద్యుల తగవు మాత్రమే కాదనీ, ప్రజల వారసత్వాన్ని మనం ఏ విధంగా స్వీకరించాలన్న పాత తగవే ఇక్కడా ఉన్నదనీ అనిపించింది.

ముందు లూషున్ సంగతి. ఆయన తండ్రి 1896లో మరణించాడు. ఆ జబ్బుకాలమంతా పిల్లవాడైన లూషున్ తాకట్టు దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య తిరిగాడు. పేరుమోసిన వైద్యుడు చీటీలో రాసిన అనుపానాలలో ఒక కీచురాళ్ళ జంట కూడా ఉన్నది. అవి మొదటినుంచీ కలిసి కాపురం చేసినవే అయి ఉండాలట! తండ్రి పోయాడు, ఇల్లు గుల్లయింది. ఆ కోపంతోనే ఆయన 1904లో జపానులోని సెండాయికి వైద్యం చదవటానికి వెళ్ళాడు. తరువాత వైద్యం విడిచి సాహిత్యంలోకి వచ్చిన కథ అందరికీ తెలిసిందే. పాతవైద్యుల మీద ఆయన కోపం చివరిదాకా చల్లారలేదు. ఆ కోపం న్యాయమైనదే. కాని కీచురాళ్ళ జంట హాస్యాస్పదమైనంత మాత్రాన, అదే వైద్యుని అల్మారాలో ఉన్న ప్రతి వేరూ నిష్ప్రయోజనమని తేలిపోదు. లూషున్ దెబ్బకొట్టింది మూలికను కాదు, మూలిక చుట్టూ అల్లిన అధికారాన్ని. ఈ తేడాను మా విద్యార్థులిద్దరూ గమనించలేదు. మొదట్లో నేనూ గమనించలేదు.

ఇక ఫ్లూకు చైనావారు వాడే మందు ఏది? అది ఒక్క మూలిక కాదు, అనేక ద్రవ్యాల కూర్పు. అందులో రెండు పాత యోగాలు ముఖ్యమైనవి. మొదటిది ఝాంగ్ ఝోంగ్‌జింగ్ పేరుమీద ఉన్న “షాంగ్ హాన్ లున్”లోది. ఆ గ్రంథం హాన్ సామ్రాజ్యపు చివరి రోజులది, అంటే సుమారు 1800 ఏళ్ళనాటిది. ఆ యోగంలో నాలుగే ద్రవ్యాలు: మాహువాంగ్ అనే ఎఫెడ్రా మొక్క, ఆప్రికాట్ గింజలోని పప్పు (హైదరాబాదువారి ఖుబానీ), జిప్సం రాయి, అతిమధురం. రెండవది వూ జూతోంగ్ అనే వైద్యుడిది. ఆయన గ్రంథం 1813లో అచ్చయింది. అందులో జిన్ యిన్ హువా అనే తీగపువ్వూ, లియెన్ చియావ్ అనే కాయా ప్రధానం.

ఇక్కడ భాషాబోధకుడిగా నాకొక మాట చెప్పాలని ఉన్నది. “షాంగ్ హాన్” అంటే శీతంవల్ల దేహానికి తగిలిన దెబ్బ. వూ జూతోంగ్ చెప్పిన “వెన్ బింగ్” అంటే ఉష్ణవ్యాధి. ఈ రెండు మాటలకూ “ఇన్‌ఫ్లుయెంజా” అని అర్థం రాసి, రెండువేల ఏళ్ళ క్రితమే చైనావారు ఫ్లూకు మందు కనిపెట్టారనటం పాత కావ్యంలోని మాటకు నేటి అర్థం అంటగట్టటం వంటిదే. పాత తెలుగు పుస్తకంలో సన్నిపాత జ్వరమని కనిపిస్తే అది టైఫాయిడా, న్యుమోనియానా, మరొకటా అని మనం చెప్పగలమా? ఆనాటి వైద్యుడు లక్షణాలను చూశాడు: చలి, చెమట, దప్పి, నాలుకమీది పూత. మనిషికి వచ్చే ఫ్లూ వైరస్‌ను లండనులో పట్టుకున్నది 1933లో. పేరు మారింది, వర్గీకరణ మారింది, రోగమంటే ఏమిటన్న భావనే మారింది. పాత గ్రంథం సాక్ష్యం చెప్పగలిగింది ఒక్కటే: ఇటువంటి లక్షణాలున్నవారికి తరతరాలుగా ఈ కషాయం పోశారు. పోసినందువల్ల నయమయిందా, పోయకున్నా నయమయ్యేదేనా అన్నది గ్రంథం చెప్పలేదు. ఫ్లూ చాలామందికి దానంతటదే తగ్గిపోయే జబ్బు కావటంవల్ల, ఏ మందుకయినా అది సులువుగా కీర్తి తెచ్చిపెడుతుంది. ఈ జబ్బు విషయంలో అనుభవం మోసగించినంతగా మరే జబ్బులోనూ మోసగించదేమో!

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వైద్యం పడిన పాట్లు చూస్తే, అది రోగి మంచం దగ్గరకంటే రాజకీయ వేదికమీదే ఎక్కువకాలం గడిపిందనిపిస్తుంది. 1929 ఫిబ్రవరిలో నాన్‌జింగ్ ప్రభుత్వపు ఆరోగ్య సంఘం ముందు యూ యున్‌షియు అనే వైద్యుడు, పాతవైద్యాన్ని క్రమంగా రద్దుచేయాలని తీర్మానం పెట్టాడు. ఆయన జపానులో చదువుకున్నవాడు. మార్చి 17న షాంఘైలో పాతవైద్యులు మహాసభ జరిపి ఎదిరించారు, మందుల దుకాణాలు మూతపడ్డాయి. తీర్మానం అమలుకు రాలేదు. ఆ సభలో వినిపించిన నినాదం జాతీయ సంస్కృతి రక్షణ. ఏ మందు పనిచేస్తుందో తేల్చుదామన్న ప్రశ్నకు ఇరుపక్షాల్లోనూ చోటు దక్కలేదు.

1949 విప్లవం తరువాత పరిస్థితి వేరు. ఆధునిక వైద్యం చదివినవారు వేలల్లో, పాతవైద్యులు లక్షల్లో ఉన్న దేశం అది. పల్లెపట్టులలో రైతుకు దొరికే వైద్యుడు పాతవైద్యుడొక్కడే. 1950 ఆరోగ్య మహాసభలో రెండు వైద్యాలవారినీ ఐక్యపరచాలని నినాదమిచ్చారు. ఇది అవసరంలోనుంచి పుట్టిన విధానమని ఒప్పుకోవాలి, ఆ అవసరం నిజమైనది కూడా. కాని 1954, 55 నాటికి గాలి మారింది. పాతవైద్యాన్ని భూస్వామ్య యుగపు అవశేషమని అన్నవారు విమర్శల పాలయ్యారు. ఆరోగ్యశాఖ ఉపమంత్రి హ చెంగ్ బహిరంగంగా ఆత్మవిమర్శ చేసుకోవలసి వచ్చింది. 1955 డిసెంబరులో బీజింగులో పరిశోధనాలయం వెలిసింది. 1958లో మావో ఈ వైద్యాన్ని గొప్ప నిధి అన్నాడు, తవ్వి తీసి పైస్థాయికి తేవాలని కూడా అన్నాడు. మావో వైద్యుడు లీ ఝీసుయి మాత్రం 1994లో అచ్చయిన తన జ్ఞాపకాలలో, చైర్మన్ స్వయంగా ఆ మందులు పుచ్చుకునేవాడు కాదని రాశాడు. ఆ పుస్తకంలోని ప్రతి మాటా నమ్మనక్కరలేదు గాని, పుచ్చుకోకపోయినా నాకేమీ ఆశ్చర్యం లేదు.

అదే కాలపు మరొక సంగతి మెదడువాపు జ్వరానికి సంబంధించినది. షిజియాఝువాంగ్ నగరంలో గువో కమింగ్ అనే వైద్యుడు జిప్సం ప్రధానమైన కషాయంతో జపనీస్ మెదడువాపు రోగులను నయం చేస్తున్నాడని 1955లో ప్రభుత్వం ఘనంగా చాటింది. 1956లో బీజింగుకు ఆ జబ్బు వచ్చినప్పుడు అదే కషాయం ఇస్తే అంతటి ఫలితం కనిపించలేదు. అప్పుడు పూ ఫుఝోవ్ అనే పెద్దవైద్యుడు, ఈ ఏడు వాతావరణంలో తేమ ఎక్కువ కనుక యోగం మార్చాలన్నాడు. మార్చారు, బాగయిందన్నారు. నయమైతే మందు గొప్పది, కాకపోతే గాలిలో తేమ! ఈ తర్కానికి ఓటమి ఎప్పుడూ ఉండదు. లాటరీ వేసి రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు ఇచ్చి మరొకదానికి ఇవ్వక పోల్చిచూడటమన్నది రెండు ఊళ్ళలోనూ జరగలేదు. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ పోలిక పద్ధతి అప్పటికి బ్రిటనులో కూడా కొత్తదే. క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను అట్లా పరీక్షించిన ఫలితం అచ్చయింది 1948లో. పద్ధతి తెలియక చేయకపోవటం ఒకటి, తెలిసినా చేయకపోవటం మరొకటి. మొదటిదానికి ఆనాటివారిని తప్పుపట్టలేము.

1957లో ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూ కూడా చైనాలోనే, గుయ్‌ఝోవ్ ప్రాంతంలో తలెత్తింది. ప్రజాచైనాకు అప్పటికింకా ప్రపంచ ఆరోగ్య సంస్థలో చోటు లేదు. కనుక ఏప్రిల్‌లో హాంకాంగులో జనం మంచానపడేదాకా బయటి ప్రపంచానికి కబురు అందలేదు. మే నెలలో సింగపూరునుంచి వచ్చిన ఓడతో అది మద్రాసు రేవులో దిగింది. ఒక దేశాన్ని రాజకీయంగా వెలివేస్తే వైరస్ వెలిలో ఉండదని ఆనాడే తేలింది.

మా విద్యార్థి తన వాదనకు పెద్ద ఆధారంగా చూపింది మలేరియా మందు. అది చూపదగినదే. వియత్నాం యుద్ధకాలంలో, 1967 మే 23న మొదలయిన రహస్య పథకానికి ఆ తేదీనిబట్టే 523 అని పేరు. అందులో తు యూయూ అనే శాస్త్రవేత్త చింగ్‌హావ్ మొక్కమీద పనిచేసింది. మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి అది దాయాది. వేడినీళ్ళలో మరిగిస్తే ఫలితం నిలకడగా రావటం లేదు. నాలుగవ శతాబ్దపు గె హోంగ్ గ్రంథంలో ఆ ఆకును నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉన్నది, కాచమని లేదు. వేడివల్ల గుణం పోతున్నదేమోనని ఆమెకు తోచింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971లో ఎలుకలమీదా కోతులమీదా నెగ్గింది, 1972లో ముందు తానూ తన సహచరులూ మింగి చూసుకుని ఆపైన రోగులకిచ్చారు. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే దీన్ని పాతవైద్యపు విజయమని చెప్పేవారు ఒకటి మరచిపోతారు. నెగ్గకముందు ఆ బృందంవారు గ్రంథాలనుంచి ఎత్తి రాసుకున్న యోగాలు వందల్లో ఉన్నాయి. వాటిలో దాదాపు అన్నీ పరీక్షలో ఓడిపోయాయి. ఓడినవాటిని ఓడినట్టు ఒప్పుకున్నందువల్లనే గెలిచినది తెలిసింది.

ఇప్పుడు మా విద్యార్థి చెప్పిన అమెరికా పత్రిక దగ్గరికి వస్తాను. 2009లో హెచ్1ఎన్1 ఫ్లూ, అంటే మన పత్రికలు స్వైన్ ఫ్లూ అన్నది, ప్రపంచమంతటా పాకింది. మన దేశంలో తొలి రోగి బయటపడింది ఆ మే నెలలో హైదరాబాదులోనే. నేనప్పుడు విద్యార్థిని. మూతికి జేబురుమాళ్ళు కట్టుకుని తరగతులకు వెళ్ళటం, ఇళ్ళలో తులసీ మిరియాలూ మరగటం గుర్తున్నవి. అదే ఏడు జూలై నుంచి నవంబరు వరకు చైనాలో నాలుగు రాష్ట్రాలలోని 11 ఆసుపత్రులలో ఒక పరీక్ష జరిగింది. 15 నుంచి 69 ఏళ్ళ వయసులో, ప్రయోగశాలలో ఫ్లూ అని నిర్ధారణ అయిన 410 మందిని లాటరీ పద్ధతిన నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఒసెల్టామివిర్ మాత్ర, ఒకదానికి కషాయం, ఒకదానికి రెండూ. నాలుగవ గుంపుకు రెండూ లేవు. కషాయంలో పన్నెండు ద్రవ్యాలు. నేను పైన చెప్పిన మూడవ శతాబ్దపు యోగమూ, పందొమ్మిదవ శతాబ్దంలో అచ్చయిన యోగమూ కలిపి, మరికొన్ని చేర్చి, కొన్ని మార్చి కట్టినది. మాహువాంగ్, జిప్సం, ఆప్రికాట్ పప్పు, అతిమధురం ఉన్నాయి, పుదీనా ఉన్నది, చింగ్‌హావ్ కూడా ఉన్నది. చైనా వైద్యచరిత్రలో శీతవాదులూ ఉష్ణవాదులూ ఒకరినొకరు ఖండించుకున్న రెండు సంప్రదాయాలవారు. 2009లో అవసరం వారిద్దరినీ ఒకే కుండలో వేసి మరిగించింది! కనుక దీన్ని “రెండువేల ఏళ్ళ మందు” అనటం కుదరదు. అది మన కాలపు కూర్పు, ముడిసరుకు మాత్రం పాతది.

ఫలితం 2011లో “ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్” అనే అమెరికా పత్రికలో అచ్చయింది. మందేమీ లేని గుంపులో జ్వరం విడవటానికి పట్టిన మధ్యగత కాలం 26 గంటలు. ఆ కాలాన్ని మాత్ర 34 శాతమూ, కషాయం 37 శాతమూ, రెండూ కలిసి 47 శాతమూ తగ్గించినట్టు లెక్కతేలింది. కషాయం తాగినవారిలో ఇద్దరికి వికారమూ వాంతులూ వచ్చాయి. సాక్ష్యమనదగిన సాక్ష్యం ఇది. మా భౌతికశాస్త్రపు అమ్మాయి దీన్ని మూఢవిశ్వాసమని కొట్టివేయటానికి వీలులేదు. ఎవరూ దీన్ని తొక్కిపట్టలేదన్నది కూడా మా విద్యార్థి గమనించాలి. అది అచ్చయినదే పెట్టుబడిదారీ దేశపు పత్రికలో.

అయితే ఆ పత్రం రాసినవారే ఒప్పుకున్న లోపాలున్నాయి. ఉత్తుత్తి మందు ఎవరికీ ఇవ్వలేదు. కషాయం తాగేవాడికి తాను తాగుతున్నానని తెలుసు, ఏమీ లేనివాడికి తనకేమీ ఇవ్వటం లేదని తెలుసు. కొలిచింది జ్వరాన్ని. జ్వరం దిగటం వేరు, వైరస్ ఓడటం వేరు. ఊపిరితిత్తులు చెడి ప్రాణాపాయంలో పడినవారి గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు. మొత్తంమీద లాభం కొన్ని గంటలు.

ఈ ఒక్క పరీక్షను వదిలితే మిగతా సాక్ష్యం పలచన. అన్ని దేశాల పరీక్షలనూ జల్లెడపట్టే కాక్రేన్ సంస్థవారు 2013లో ఫ్లూకు చైనా మూలికలమీద 18 పరీక్షలను, 2521 మంది రోగుల లెక్కలను పరిశీలించారు. 17 పరీక్షల పద్ధతి నాసిరకమని రాశారు. మరొకచోట చైనా పరిశోధకులే చేసిన ధైర్యమైన పని ఒకటి ఉన్నది. లాటరీ పద్ధతిన జరిపామని చైనా పత్రికలలో చెప్పుకున్న 2235 పరీక్షల రచయితలను వారు స్వయంగా విచారించారు. నిజంగా ఆ పద్ధతి పాటించినవి 207. ఈ ఫలితం అచ్చయింది 2009లో. ఆ విచారణకు ఎంచుకున్న పరీక్షలలో పాతవైద్యానివి, ఆధునిక వైద్యానివి రెండూ ఉన్నాయని మరవరాదు. జాడ్యం మూలికలది కాదు. పదోన్నతికోసం పత్రాలు అచ్చువేయవలసి వచ్చే అధ్యాపకుల జాడ్యమది. నేనూ అధ్యాపకుణ్ణే కనుక దీని రుచి నాకు బాగా తెలుసు.

ఇక కంపెనీ మాత్ర కథ. ఒసెల్టామివిర్‌ను రోష్ కంపెనీ టామిఫ్లూ అనే పేరుతో అమ్మింది. దాని తయారీకి కావలసిన షికిమిక్ ఆమ్లాన్ని చాలాకాలం తీసింది చైనాలోని గువాంగ్‌షీలో పండే అనాసపువ్వునుంచి. మన బిరియానీలో వేసే అనాసపువ్వే! దాన్ని నమిలితే ఫ్లూ తగ్గదు, ఆ ఆమ్లం మందుగా మారటానికి రసాయనశాలలో అనేక దశలు దాటాలి. 2005లో పక్షిజ్వరపు భయంతో ప్రభుత్వాలు ఈ మాత్రను గిడ్డంగుల్లో నింపాయి. ఒక్క బ్రిటిష్ ప్రభుత్వమే 42 కోట్ల పౌన్లకు పైగా ఖర్చుపెట్టింది. పరీక్షల పూర్తి నివేదికలు మాత్రం కంపెనీ ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు. పోరాడి సంపాదించి చదివిన కాక్రేన్ పరిశోధకులు 2014లో తేల్చిందేమిటంటే, పెద్దవాళ్ళలో జబ్బు లక్షణాలు ఏడు రోజులనుంచి 6.3 రోజులకు తగ్గుతాయి. అంటే 16.8 గంటలు. ఇంతటి మాత్రతో “సమానం” అనిపించుకోవటం కషాయానికి గొప్పో, మాత్రకు చిన్నతనమో పాఠకులే ఆలోచించాలి.

ఈ లెక్క తెలిశాక లియెన్‌హువా చింగ్‌వెన్ గుళికల సంగతి అర్థమవుతుంది. అవి కూడా పై రెండు యోగాల సంతానమే. యీలింగ్ అనే కంపెనీ 2003 సార్స్ కాలంలో వాటిని రూపొందించింది. 2011లో అచ్చయిన పరీక్షలో 244 మంది ఫ్లూ రోగులలో కొందరికి ఈ గుళికలు, కొందరికి ఒసెల్టామివిర్ ఇచ్చారు. జబ్బు కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏమీ ఇవ్వని గుంపు ఇందులో లేదు. చిన్న లాభమే ఉన్న మందుతో తేడా కనిపించలేదంటే, ఆ చిన్న లాభం దీనికీ ఉన్నదని కాని లేదని కాని తేలదు. అయినా 2020లో కోవిడ్‌కు ఈ గుళికలను ప్రభుత్వ చికిత్సా నియమావళిలో చేర్చారు. 2022లో షాంఘై దిగ్బంధంలో కూరగాయలకోసం జనం ఎదురుచూస్తూ ఉంటే ఇంటింటికీ ఈ గుళికల పెట్టెలు వచ్చాయి. యీలింగ్ కంపెనీ వాటాలు షెన్‌ఝెన్ షేరు మార్కెట్టులో చేతులు మారుతూ ఉంటాయి. “ప్రజావైద్యం” అన్న మాటను మా విద్యార్థి ఈ గుళికలకు వాడేముందు ఆ సంగతి కూడా చూడాలి. రైతు ఇంట్లో కాచుకునే కుండనుంచి వాటాదారుడి లాభాలపట్టికకు చేరిన వస్తువు అది. ఒక కంపెనీ సాక్ష్యం దాచిపెట్టి అమ్మితే, మరొక కంపెనీ దేశాభిమానాన్ని సాక్ష్యానికి బదులుగా పెట్టి అమ్మింది.

మన ఊళ్ళకు ఈ కథ దూరం కాదు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు మూలికల మందు ఉచితంగా ఇస్తున్నారని వేలాది జనం పోగయ్యారు. ఆక్సిజన్ దొరకని రోజులవి, వచ్చినవారిని వెక్కిరించే మనసు నాకు లేదు. కాని మా స్టాఫ్ రూములో మిత్రులం గంటలకొద్దీ చేసుకున్న వాదన, నాకు గుర్తున్నంతవరకు, నమ్మాలా వద్దా అన్న చోటే తిరిగింది. నాలుగు గుంపులుగా పంచి చూడాలన్న మాట నా నోటా రాలేదు, మరొకరి నోటా రాలేదు.

మరుసటి నెల మండలి కూడినప్పుడు నేను చదివినదంతా విద్యార్థులకు చెప్పాను. భౌతికశాస్త్రపు అమ్మాయి నల్లబల్లమీద నాలుగు నిలువు గళ్ళు గీసి అంకెలు వేసింది. మొదటి విద్యార్థి చాలాసేపు చూసి, ఐదవ గడి ఒకటి గీయమన్నాడు: ఉత్తుత్తి కషాయం. రంగూ వాసనా చేదూ అన్నీ ఉండాలి, మందుగుణం మాత్రం ఉండకూడదు. దేనితో కాచాలి? కాఫీపొడి అన్నారొకరు. అది నిద్రను పాడుచేస్తుందని మరొకరు కాదన్నారు. వెనకబల్లమీది కుర్రవాడు నేలవేము వేస్తే అంతకు మించిన చేదు లేదన్నాడు. “అదెట్లా కుదురుతుంది? మా ఊళ్ళో జ్వరానికి ఇచ్చేదే నేలవేము” అన్నది ఆ అమ్మాయి. చీకటిపడి వాచ్‌మన్ వచ్చి గది తాళం వేయాలనేదాకా ఆ కషాయంలో ఏమి వేయాలో తేలలేదు.